జీతం 5 శాతం పెరిగింది, ఇంటి ఖర్చు 11 శాతం పెరిగింది. దీన్ని ఇంక్రిమెంట్ అనొచ్చా?

నెలాఖరు99
పోయిన శుక్రవారం ఇంక్రిమెంట్ లెటర్ ఇచ్చారు. 5 శాతం. మేనేజర్ చెయ్యి కలిపి కంగ్రాట్స్ అన్నాడు, నేనూ థ్యాంక్స్ చెప్పి వచ్చేశాను. ఇంటికెళ్లి అమ్మకి చెప్తే ఆవిడ ఏమీ అనలేదు, లోపలికెళ్లి ఖర్చుల నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది. ఇరవై ఏళ్లుగా రోజూ రాత్రి పడుకునే ముందు ఆ రోజు ఖర్చంతా రాసిపెట్టే అలవాటు అమ్మది. పోయిన ఏడాది ఇదే నెల పేజీ, ఈ నెల పేజీ పక్కపక్కన పెట్టుకుని మొత్తం లెక్క కట్టాను. అవే సరుకులు, అదే అద్దిల్లు, అదే బస్సు పాసు, నాన్నకి అవే మందులు. కొత్తగా చేరిన ఖర్చు ఒక్కటి కూడా లేదు. మొత్తం మాత్రం 11 శాతం ఎక్కువ. ఎక్కడో తప్పు చేశానేమో అని మళ్లీ లెక్క కట్టాను, అంతే వచ్చింది.

ఈ నెల పేజీ చివర "కళ్లద్దాలు" అని రాసి కొట్టేసి ఉంది, పక్కన "వచ్చే నెల". వెనక్కి తిప్పితే దాని ముందు నెలలోనూ అంతే. అలా నాలుగు నెలలు. ఆవిడ నాకు ఒక్క మాట చెప్పలేదు.

ఇది మా ఒక్క ఇంటి గొడవేనా? ఆఫీసులో ఏమని అడగాలి? పెంచాం కదా అంటారు. పెంచారు కూడా. దానికి నా దగ్గర జవాబు లేదు.

సూచీపిచ్చి
పెంచలేదండీ, తగ్గించారు. 1.05ని 1.11తో భాగించండి, 0.946 వస్తుంది. పోయిన ఏడాది మీ జీతంతో ఎంత కొనేవారో అందులో ఇప్పుడు 94.6 శాతమే కొనగలరు. అంటే 5.4 శాతం కోత. రోజుల్లో చూసుకుంటే ఏడాదికి దాదాపు 20 రోజుల జీతం పోయినట్టు. చేతికొచ్చే అంకె వేరు, ఆ అంకెకి ఏమొస్తుందన్నది వేరు. రెండోదాన్నే నిజ వేతనం అంటారు. మీ లెటర్‌లో ఉన్నది మొదటిది. అమ్మగారి నోట్‌బుక్‌లో ఉన్నది రెండోది.

వలసపిట్ట
శాతాల్లో చెప్తే ఏమీ అనిపించలేదు గానీ 20 రోజులు అనేసరికి గుండె గుభేలుమంది.

పొదుపురాజు
కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోవద్దు. జీతం పెంచడం మన చేతిలో లేదు, ఖర్చు తగ్గించుకోవడం మన చేతిలో ఉంది. నేను మూడేళ్లుగా ప్రతిదీ రాసుకుంటూ 15 శాతం దాకా తగ్గించాను. వాడని సబ్‌స్క్రిప్షన్లు తీసేశాను, అవసరం లేకుండా ఆన్‌లైన్‌లో కొనడం మానేశాను, బండి పక్కనపెట్టి బస్సెక్కుతున్నాను. ముందు అది చేసి చూడండి. ధరల మీద కోపం తెచ్చుకుంటే బీపీ తప్ప ఏమీ పెరగదు.

సుద్దముక్క
పొదుపురాజు గారూ, ఆవిడ ఇరవై ఏళ్లుగా రాస్తున్నారు. వాళ్లు వెళ్లేది బస్సులోనే. కళ్లద్దాలు నాలుగు నెలలుగా వాయిదా వేస్తున్నారు. ఇంకేం తగ్గించాలి ఆవిడ?

పొదుపురాజు
కళ్లద్దాల మాట సరిగ్గా చదవకుండా రాసేశాను. సారీ నెలాఖరు. ముందు అవి కొనివ్వు తమ్ముడూ, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

నెలాఖరు99
నిన్న సాయంత్రమే తీసుకెళ్లానన్నా. షాపులో కూర్చుని కూడా తక్కువ ఫ్రేమ్ ఏదో చూపించమని అడుగుతూనే ఉంది.

రాత్రిడ్యూటీ
నేను సెక్యూరిటీ గార్డుని. మాకు లెటర్లు ఉండవు. మూడేళ్లలో కాంట్రాక్టరు రెండుసార్లు మారాడు, చొక్కా మీద బ్యాడ్జీ మారింది, జీతం మారలేదు. కొత్త కాంట్రాక్టరు వచ్చాడంటే మేం ఆ రోజే కొత్తగా చేరినట్టు లెక్క, పాత సర్వీసు సున్నా. డ్యూటీ 12 గంటలు. ఖర్చు పెరిగిన నెలలో ఇంకో నాలుగు డబుల్ డ్యూటీలు చేస్తాను, అంతకంటే దారి లేదు. పోయిన నెల 9 చేశాను. మిగతా రోజుల్లో పొద్దున నేను ఇంటికెళ్లేసరికి పాప స్కూలుకి బయల్దేరుతుంటుంది, సాయంత్రం అది వచ్చేసరికి నేను బయల్దేరుతుంటాను. సందు మొదట్లో ఎదురుపడితే నా చేతిలో టిఫిన్ బాక్సు దాని బ్యాగుకి తగిలిస్తుంది, నవ్వుతుంది, వెళ్లిపోతుంది. ఆ రోజుకి మేమిద్దరం కలవడం అంతే.

5 శాతం చాలదని మీరంటుంటే తప్పు పట్టడం లేదు తమ్ముడూ. నిజంగానే చాలదు. మా వైపు ఎలా ఉందో చెప్తున్నానంతే.

అద్దెకొంప
అన్నా, నిద్ర లేకుండా ఎన్నాళ్లు చేస్తావు. కానీ చేయొద్దని చెప్పడానికి కూడా నోరు రావట్లేదు.

సూచీపిచ్చి
రాత్రిడ్యూటీ గారు చెప్పింది లెక్కల్లో దాక్కుండిపోయే విషయం. నెలకి వచ్చే మొత్తం చూస్తే ఆయన ఆదాయం ధరలతో సమానంగా పెరిగినట్టే కనిపిస్తుంది. గంటకి ఎంత అని చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. ధరల పెరుగుదలని ఆయన నిద్రతో కడుతున్నారు.

వలసపిట్ట
నా అనుభవం చెప్తా. ఉన్నచోట ఉంటే పెరగదు. ఏడేళ్లలో మూడు కంపెనీలు మారాను, మారిన ప్రతిసారీ 20 శాతానికి తక్కువ రాలేదు, ఉన్నచోట ఎప్పుడూ 6 దాటలేదు. కొత్తవాళ్లకి మార్కెట్ రేటు ఇస్తారు, పాతవాళ్లకి పాత రేటు మీద ఇంత అని చల్లుతారు. నా కింద చేరిన జూనియర్‌కి నాకంటే ఎక్కువని తెలిసిన రోజే రాజీనామా పెట్టాను. నెలాఖరు, ఇంకో ఆఫర్ తెచ్చుకుని అప్పుడు మాట్లాడు.

అద్దెకొంప
అందరికీ కుదరదు కదా బ్రో. నేను నర్సుని. మా అత్తగారు మంచంలో ఉన్నారు, బాబుకి మూడేళ్లు. ఇప్పుడున్న ఆసుపత్రి ఇంటికి పది నిమిషాల దూరం. ఇంకోచోట 20 శాతం ఎక్కువిస్తారు, కానీ రానుపోను రెండున్నర గంటలు. ఆ రెండున్నర గంటలు వీళ్లని చూడటానికి మనిషిని పెడితే ఆ 20 శాతం దానికే సరి. కదల్లేనివాళ్లని చూసే యాజమాన్యం జీతం ఆపుతుంది. మేం వెళ్లమని వాళ్లకి తెలుసు.

సుద్దముక్క
అద్దెకొంప చెప్పింది అక్షరాలా నిజం. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని, 14 ఏళ్ల సర్వీసు. గత నాలుగేళ్లలో పిల్లల ఫీజు మూడుసార్లు పెంచారు, మా జీతం ఒక్కసారి. పోయిన పేరెంట్స్ మీటింగులో ఒకాయన వచ్చారు, ఫీజు ఒకేసారి కట్టలేనని, మూడు వాయిదాలు ఇప్పించమని. నేను టీచర్ని, ఆఫీసులో అడగండి అన్నాను. ఆయన లేచి రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "ఫీజు ఇంత పెంచారు, మీకన్నా పెంచారా మేడమ్?" అని అడిగారు. లేదండీ అన్నాను. ఆయన మొహంలో కోపం పోయింది. "అయితే మరి ఎవరికి వెళ్తోంది?" అన్నారు. నాకు తెలియదు. నిజంగా తెలియదు. ఆయన చెప్పుల షాపులో పనిచేస్తారట, రెండేళ్లుగా జీతం కదల్లేదట. ఇద్దరం చెరో వైపు నిలబడి ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్నాం ఇన్నాళ్లూ.

ప్రెస్సుఓనరు
ఇక్కడ జీతాలిచ్చేవాళ్లు ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేను రాస్తున్నా. చిన్న ప్రింటింగ్ ప్రెస్, తొమ్మిది మంది పనివాళ్లు. కాగితం, ఇంకు, కరెంటు మూడూ పెరిగాయి. నా ఆర్డర్లలో సగం ఏడాది కాంట్రాక్టులు, రేటు ముందే రాసేసుకుంటారు. మధ్యలో పెంచమంటే పెద్ద ప్రెస్సుకి వెళ్లిపోతారు. పోయిన ఏడాది మావాళ్లకి 6 శాతం ఇచ్చాను. అది చాలదని నాకు తెలుసు, మా బైండర్ ఇంటి పరిస్థితి నా కళ్లముందే ఉంది. అందరికీ 12 ఇస్తే ఆర్నెల్లలో షట్టర్ దించాలి. యాజమాన్యం అంటే అందరినీ ఒకే గాటన కట్టకండి. దాచుకునేవాళ్లు ఉన్నారు, నిజంగా లేనివాళ్లూ ఉన్నారు.

నెలాఖరు99
ప్రెస్సుఓనరు గారూ, మీరిలా నోరు విప్పి చెప్పారు, మీ దగ్గర పనిచేసేవాళ్లకి ఇదే చెప్పారా? మా ఆఫీసులో బాధనిపించింది అంకె తక్కువని మాత్రమే కాదు. తక్కువిచ్చి ఎక్కువిచ్చినట్టు మాట్లాడారు.

ప్రెస్సుఓనరు
చెప్పలేదు. పేపర్ బిల్లులు ముందు పెట్టి చెప్పాల్సింది. ఈ దసరా బోనస్ అప్పుడు చెప్తాను.

మనసులెక్క
నెలాఖరు అన్నదాని మీద ఒక పాత సర్వే గుర్తొచ్చింది. కానమన్, నెచ్, థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు కెనడాలో ఫోన్ చేసి జనాన్ని అడిగి, 1986లో అచ్చువేశారు. మొదటి ప్రశ్న, ధరలు పెరగని కాలంలో ఒక కంపెనీ జీతం 7 శాతం తగ్గించింది, న్యాయమేనా? 62 శాతం మంది అన్యాయం అన్నారు. రెండో ప్రశ్న, ధరలు 12 శాతం పెరిగిన ఏడాది కంపెనీ 5 శాతమే పెంచింది, న్యాయమేనా? 78 శాతం మంది పర్లేదు అన్నారు. పనివాడికి పోయింది రెండిట్లోనూ దాదాపు ఒకటే. కానీ మొదటిదానికి కోత అని పేరుంది, రెండోదానికి పెంపు అని పేరుంది. పేరులోనే ఉంది మాయంతా. ఏ మేనేజరూ 5.4 శాతం తగ్గిస్తున్నాం అని లెటర్ టైపు చేయలేడు. ధరలు ఆ పని చేసిపెడితే సంతకం పెట్టాల్సిన అవసరమే ఉండదు.

సబ్బుబిళ్ళ
ధర పెరగకుండా కూడా పెరుగుతోంది, అది ఎవరన్నా చూశారా. నేను బట్టల సబ్బు రేపర్లు పారేయను, డ్రాయర్‌లో పేపర్ బదులు పరుస్తాను. మొన్న శుభ్రం చేస్తుంటే అడుగున పాత రేపర్ కనిపించింది. 125 గ్రాములు. కొత్తదాని మీద 100. రేటు అదే, రంగు అదే, బొమ్మ అదే. పక్కపక్కన పెడితే సబ్బు పొడవు కూడా అదే. తిప్పి చూస్తే కింద పొట్ట దగ్గర లోపలికి గుంట తీశారు. చేతికి అందంగా పట్టుకోవడానికేమో అనుకున్నా ఇన్నాళ్లూ!

సూచీపిచ్చి
సబ్బుబిళ్ళ గారూ, ధర అదే ఉండి 125 నుంచి 100 అయితే గ్రాముకి 25 శాతం పెరిగినట్టు. ధరల సూచీ, అంటే సరుకుల ధరలు మొత్తమ్మీద ఎంత పెరిగాయో చెప్పే లెక్క, కట్టే వాళ్లు బరువు మారిందా అని చూస్తారు, మారితే సర్దుతారు. మన జేబుకి మాత్రం ఎవరూ చెప్పరు, సబ్బు నాలుగు రోజుల ముందే అయిపోతే మనమే ఎక్కువ వాడేస్తున్నాం అనుకుంటాం.

పనిలో పనిగా ఇంకోటి. ప్రభుత్వ సూచీ 6 అంటే అమ్మగారి నోట్‌బుక్ 11 ఎందుకంటుంది అని అనుమానం రావచ్చు. సూచీ అబద్ధం కానక్కర్లేదు. అది లక్షల ఇళ్లు కొనేవాటి సగటు బుట్ట. ఎర్నెస్ట్ ఎంగెల్ అని జర్మనీ గణాంకవేత్త, 1857లో బెల్జియం కార్మికుల ఇంటి ఖర్చులు చూసి ఒక సంగతి చెప్పాడు, ఆదాయం తక్కువ ఉన్న ఇంట్లో తిండికి పోయే వాటా ఎక్కువ అని. ఇప్పటికీ అదే నడుస్తోంది. తిండి, అద్దె, మందులు పెరిగి టీవీలు, ఫోన్లు చవకైతే సగటు మధ్యలో ఉంటుంది. ఆ ఏడాది టీవీ కొననివాళ్లకి ఆ చవక ఏం ఉపయోగం? వాళ్లకి పెరిగినవే తగులుతాయి. అందుకే సొంత లెక్క ఉండాలి.

చక్రవడ్డీ
అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఒక్కటి ఆలోచించండి. అందరి జీతాలూ ధరలతో పాటు పెంచుకుంటూ పోతే కంపెనీలు ఆ ఖర్చు మళ్లీ ధరల్లో కలుపుతాయి, మళ్లీ జీతాలు పెంచాలి, మళ్లీ ధరలు. కుక్క తన తోక తానే తరిమినట్టు. ఇటలీలో అచ్చంగా ఇదే జరిగింది. జీతాలని సూచీకి కట్టి 1970ల్లో ధరలని ఆపలేకపోయారు.

పాతగుమాస్తా
ఇటలీ పేరెత్తారు కాబట్టి చెప్తాను. మిల్లులో 31 ఏళ్లు గుమాస్తాగా చేశాను, అందులో 12 ఏళ్లు యూనియన్ కాగితాలు రాసింది నేనే, ఈ విషయాలు అప్పట్లో చదువుకున్నవే. ఇటలీలో దాని పేరు స్కాలా మొబీలే, అంటే కదిలే మెట్లు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో వచ్చింది. 1984లో ప్రభుత్వం డిక్రీ తెచ్చి అందులో కోత పెట్టింది. ఆ కోత వద్దని 1985లో రెఫరెండం, అంటే జనం ఓటు, పెట్టించారు, నెగ్గలేదు. 1992లో పూర్తిగా తీసేశారు. ధరలు అదుపులోకి వచ్చిన మాట నిజమే. తర్వాత ఏమైంది? ఓఈసీడీ అనే ధనిక దేశాల కూటమి లెక్కల్లో 1990 నుంచి 2020 దాకా, ముప్పై ఏళ్లలో, ఇటలీ సగటు నిజ వేతనం దాదాపు 3 శాతం తగ్గింది. అదొక్కటే కారణం అనను, ఉత్పాదకత సరిగా పెరగలేదు, ఇంకా చాలా ఉన్నాయి. కానీ మెట్లు తీసేసినవాళ్లు ఇంకో నిచ్చెన వేయలేదు కదా.

బెల్జియంలో ఇప్పటికీ జీతాలు సూచీతో పాటు కదులుతాయి. 1994 నుంచి పొగాకు, మద్యం, పెట్రోలు, డీజిలు తీసేసి మిగతావాటి సూచీ చూస్తారు. ధరలు మండిపోయిన 2022 తర్వాత, 2023 జనవరిలో అక్కడ లక్షలమంది ఆఫీసు ఉద్యోగుల జీతం ఒకేసారి 11 శాతం పైన పెరిగింది. ఎవరూ మేనేజర్ గదిలో నిలబడి అడుక్కోలేదు. లక్సెంబర్గ్‌లో సూచీ 2.5 శాతం కదిలితే జీతాలు 2.5 శాతం కదులుతాయి. మన సర్కారు ఉద్యోగుల డీఏ కూడా ఆ జాతిదే. ఆ దేశాలేమీ మునిగిపోలేదు.

చక్రవడ్డీ
బెల్జియంలో కూడా 2015లో ఒక విడత పెంపు ఎగ్గొట్టారు పెద్దాయనా, పక్క దేశాలతో పోటీపడలేక. అది కూడా చెప్పండి.

పాతగుమాస్తా
నిజమే బాబూ, 2 శాతం ఎగ్గొట్టారు. జనం ఊరుకోలేదు గానీ ఆపలేకపోయారు. చెప్పకపోవడం నా తప్పే.

సూచీపిచ్చి
చక్రవడ్డీ గారి భయం మీద అంతర్జాతీయ ద్రవ్యనిధి వాళ్లు 2022లో పాత చరిత్రంతా తిరగేశారు. 1960ల నుంచి జీతాలూ ధరలూ రెండూ ఎగబాకిన సందర్భాలు తీసి చూస్తే, ఆ తర్వాత కూడా పరుగు పెరుగుతూనే పోయినవి కొన్నే. చాలావాటిలో ధరలు నెమ్మదించాయి, జీతాలు మెల్లగా అందుకున్నాయి. తోక తరిమే కుక్క ఎప్పుడో ఒకసారి కనిపిస్తుంది, ప్రతి ఇంక్రిమెంట్ దగ్గరా కాదు.

అయినా ఆ ఏడాది జీతాలు ధరలని తరమలేదు, వెనకబడ్డాయి. 2022 మొదటి ఆర్నెల్లలో ప్రపంచం మొత్తమ్మీద నిజ వేతనాలు 0.9 శాతం తగ్గాయని అంతర్జాతీయ కార్మిక సంస్థ చెప్పింది. ఈ శతాబ్దంలో అలా తగ్గడం అదే మొదటిసారి.

వలసపిట్ట
కానీ తర్వాత పెరిగాయని చదివాను కదా?

సూచీపిచ్చి
అవును, 2023లో 1.8 శాతం, 2024లో 2.7 దాకా అని అదే సంస్థ అంచనా. ప్రపంచ సగటు అది. సగటు పైకొచ్చినంత మాత్రాన మీ ఇల్లు పైకొచ్చినట్టు కాదు. ఇంకో తిరకాసు, ద్రవ్యోల్బణం తగ్గింది అని వార్త వస్తే ధరలు తగ్గాయనుకుంటారు. ధరలు పెరిగే వేగం తగ్గింది అంతే, ఎక్కిన ధర అక్కడే కూర్చుంటుంది. జీతం దాన్ని అందుకునేదాకా ఆ లోటు ప్రతి నెలా తగులుతూనే ఉంటుంది. ఐదేళ్లు ధరలు 8 శాతం చొప్పున, జీతం 5 శాతం చొప్పున పెరిగాయనుకోండి. ఏడాదికి తేడా మూడే కదా అనిపిస్తుంది. ఐదేళ్ల చివరికి ధరలు దాదాపు 47 శాతం, జీతం దాదాపు 28 శాతం పెరిగి ఉంటాయి. మీ జీతానికి కొనే బలం 13 శాతం పోయింది.

అద్దెకొంప
ఏదో పొరపాటు చేస్తున్నాం, మాకే డబ్బు నిలవట్లేదు అని మేం మొగుడూపెళ్లాం గొడవపడింది ఈ 13 శాతం కోసమా! ఈ లెక్క ముందే ఎవరన్నా చెప్పుంటే సగం గొడవలు తప్పేవి.

పొదుపురాజు
నిన్నటి నుంచి ఇదంతా చదువుతున్నా. నా 15 శాతం పొదుపు గొప్పగా చెప్పుకున్నాను కదా, పాత షీట్ తీసి చూశాను. మొదటి ఏడాది తగ్గించింది నిజంగా దుబారా. రెండో ఏడాది తగ్గించింది పిల్లాడి స్విమ్మింగ్ క్లాసు, మా ఆవిడ పుట్టింటి ప్రయాణం. మూడో ఏడాది పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేశాను. అది పొదుపు కాదు. రాసుకోవడం మానొద్దని మాత్రం ఇప్పటికీ చెప్తాను. రాసుకోకపోతే ఈ సంగతి నాకే తెలిసేది కాదు.

పాతగుమాస్తా
రాసుకోవడం మీద నెలాఖరు ఒక పాత కథ తెలుసుకోవాలి. 1907, ఆస్ట్రేలియా. వ్యవసాయ యంత్రాలు చేసే ఫ్యాక్టరీ కేసు హిగిన్స్ అనే న్యాయమూర్తి ముందుకు వచ్చింది. న్యాయమైన వేతనం అంటే ఎంత అన్నది తేల్చాలి. యజమాని ఎంత ఇవ్వగలడు అని మొదలుపెట్టలేదాయన. మనిషిలా బతకడానికి ఒక కుటుంబానికి ఎంత కావాలి అని మొదలుపెట్టాడు. కార్మికుల భార్యలు కోర్టుకి వచ్చి ఇంటి ఖర్చుల గురించి సాక్ష్యం చెప్పారు. చివరికి నైపుణ్యం లేని కూలీకి రోజుకి 7 షిల్లింగులు అని తేల్చాడు. ఆ కేసు ఏ చట్టం కింద నడిచిందో ఆ చట్టాన్ని మరుసటి ఏడాదే పై కోర్టు కొట్టేసినా ఆ కొలత మాత్రం దశాబ్దాలు నిలబడింది. మీ అమ్మగారి నోట్‌బుక్ లాంటివే ఆ సాక్ష్యాలు.

సుద్దముక్క
ఆ కథలో రెండో సగం కూడా చెప్పండి మాస్టారూ. ఆ వేతనం మగవాడికి లెక్కగట్టింది. 1919లో అదే దేశంలో ఆడవాళ్లకి మగవాళ్ల దాంట్లో 54 శాతం అని పెట్టారు. సాక్ష్యం చెప్పడానికి ఆడవాళ్లు కావాలి, జీతం దగ్గరికి వచ్చేసరికి సగం మనుషులు. మా స్టాఫ్‌రూమ్‌లో ఇప్పటికీ "మీ ఆయన సంపాదిస్తున్నాడుగా" అంటారు.

పాతగుమాస్తా
ఒప్పుకుంటున్నానమ్మా.

వలసపిట్ట
నెలాఖరు అమ్మగారిని మా కంపెనీకి ఫైనాన్స్ హెడ్‌గా పంపించండి, ఆవిడ ముందు ఎవరూ అంకెలు తిప్పలేరు.

మనసులెక్క
నెలాఖరు, అడిగేటప్పుడు "పెంచండి" అనొద్దు. పెంచాం అంటారు, కథ అక్కడే ఆగిపోతుంది. "పోయిన ఏడాది జీతం విలువ నిలబెట్టండి" అనండి. ఒక్కడివే వెళ్లొద్దు.

నెలాఖరు99
మూడు వారాలైంది. ఏం జరిగిందో చెప్తాను.

మా సెక్షన్‌లో ఇంకో నలుగురిని అడిగాను. మొదట ఎవరూ ఇంటి లెక్క బయటపెట్టనన్నారు, సిగ్గు. నేను అమ్మ పేజీలు చూపించాక ఒక్కొక్కరూ తెచ్చారు. ఐదిళ్లవి కలిపితే 9 నుంచి 13 శాతం మధ్య వచ్చాయి. ఒకే కాగితం మీద రాసి ఐదుగురం వెళ్లాం. మేనేజర్ చదివి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాది కూడా ఇంతే ఉంటుంది" అన్నాడు. అది నేను ఊహించలేదు. పాలసీ తన చేతిలో లేదని, పైకి పంపుతానని చెప్పాడు. పంపాడు కూడా. పదిహేను రోజుల తర్వాత జవాబు వచ్చింది. ఈ ఏడాది శాతం మారదట. రవాణా భత్యం కొంచెం పెంచారు, కలిపితే మొత్తం 7 దగ్గరికి వస్తుంది. ఆర్నెల్ల తర్వాత ధరల సూచీ ముందు పెట్టుకుని మళ్లీ చూస్తామని రాసిచ్చారు. నోటిమాట కాదు, మెయిల్ ఉంది. ఇంకా దాదాపు నాలుగు శాతం లోటు అలాగే ఉంది. అమ్మకి చెప్తే "రాసిచ్చారా?" అని రెండుసార్లు అడిగింది.

చక్రవడ్డీ
ఆర్నెల్లకి సూచీ చూస్తామని రాసిచ్చారంటే అది మంచి పనే. నా వాదన నాకుంది గానీ, ఇది న్యాయంగానే ఉంది.

ప్రెస్సుఓనరు
నేను దసరా దాకా ఆగలేదు. మొన్న శనివారం మావాళ్లని కూర్చోబెట్టి పేపర్ బిల్లులు, కరెంటు బిల్లు, నేను తీసుకునేది, అన్నీ చూపించాను. బైండర్ ఒక మాటన్నాడు, మిగిలిపోయే కాగితం ముక్కలతో స్క్రాచ్ ప్యాడ్లు కుట్టి అమ్ముదాం, ఆ డబ్బు మాకివ్వండి అని. ఇన్నేళ్లలో నాకు తట్టలేదు అది. మొదలుపెట్టాం.

రాత్రిడ్యూటీ
నెలాఖరు తమ్ముడూ, ఆ కాగితం ఎలా రాశారో ఇక్కడ పెట్టగలవా? మా గేట్ల దగ్గర అందరం కలిపి 14 మంది ఉన్నాం.

నెలాఖరు99
తప్పకుండా అన్నా. అడ్డంగా నాలుగు గడులు గీయండి. మొదటిదాంట్లో ఖర్చు పేరు, రెండోదాంట్లో పోయిన ఏడాది ఇదే నెల ఎంత, మూడోదాంట్లో ఈ నెల ఎంత, నాలుగోదాంట్లో తేడా. కొత్తగా కొన్నవి, పెళ్లిళ్లు, పండగలు కలపొద్దు, రెండేళ్లలోనూ ఉన్నవే రాయండి. అద్దె రసీదు, కరెంటు బిల్లు, మందుల బిల్లు ఉంటే పిన్ చేయండి. కింద జీతం, అదీ రెండేళ్లది. మీకైతే డ్యూటీ గంటలు కూడా రాయండి, సూచీపిచ్చి గారు చెప్పినట్టు గంటకి ఎంత అనేది అప్పుడు తెలుస్తుంది.

రాత్రిడ్యూటీ
సంతకాల దగ్గర భయపడుతున్నారు. మొదటి సంతకం పెట్టినవాడినే తీసేస్తారని.

పాతగుమాస్తా
దానికి మందుంది. పూర్వం ఓడల్లో పనిచేసే నావికులు కెప్టెన్‌కి మొర పెట్టుకునేటప్పుడు సంతకాలు వరసగా కాకుండా గుండ్రంగా పెట్టేవాళ్లు, ఎవరు మొదలో తెలియకుండా. పళ్లెం బోర్లించి చుట్టూ గీత గీయండి, 14 మందీ దాని చుట్టూ పెట్టండి. కాంట్రాక్టరుకి ఒక కాపీ, ఆ బిల్డింగు వాళ్లకి ఒక కాపీ, మీ దగ్గర ఒకటి. ఇచ్చినట్టు తేదీ వేయించుకోండి. అవసరమైతే మెసేజ్ పెట్టు బాబూ, ఉత్తరం భాష నేను సరిచేస్తా.

రాత్రిడ్యూటీ
ఆదివారం డబుల్ డ్యూటీ వద్దని చెప్పాను. అందరూ మా ఇంటికే వస్తున్నారు. నా రాత ఎవరికీ అర్థం కాదు, పాప చేతిరాత బాగుంటుంది. గడులు దానిచేత గీయిస్తాను.